ఐదు నిమిషాల గొంతు

జనవరిలో ఒక ఆదివారం ఉదయం చర్చి మందిరంలో రెండో పాట పాడుతుండగా, మూడో చరణం దగ్గర నా గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. నోరు తెరిచే ఉంది. పై స్థాయి అందుకోవడానికి అలవాటుగా గడ్డం కూడా ఎత్తాను. మైకులో మాత్రం ఎవరో పొయ్యి ఊదినట్టు వినపడింది. కీబోర్డు వాయించే ఆయన తల తిప్పి చూశారు. నేను దగ్గి, మిగతా చరణాన్ని కింది స్థాయిలో ఎలాగో లాక్కొచ్చి కూర్చున్నాను. అడిగినవాళ్ళకి జలుబని చెప్పాను.

జలుబు కాదని నాకు తెలుసు. ముందురోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో నాలుగు గంటలు అరిచి వచ్చాను. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని, పేరు కరుణ. ఆ పేరు మీరు తెరమీద చూసి ఉండరు. హీరోయిన్లకి గొంతు ఇచ్చేవాళ్ళు వేరు, మేము గుంపు. నలుగురు ఆడవాళ్ళం, ముగ్గురు మగవాళ్ళు ఒక మైకు చుట్టూ నిలబడి తిరునాళ్ళకి వచ్చిన వెయ్యిమంది అవుతాం. అందులో నాకు పడేవి ఏడుపులూ అరుపులూ. మాటలు లేని ఇలాంటి శబ్దాలని మా దగ్గర రియాక్షన్లు అంటారు. ఆ శనివారం ఇల్లు తగలబడే సీను, లోపల తల్లి చిక్కుకుపోయింది. డబ్బింగ్ ఇన్‌ఛార్జ్ సూర్యంగారు అద్దం అవతలినుంచి, "ఇంకొక్కటమ్మా, ఈసారి ప్రాణం పోతున్నట్టుండాలి" అంటూ ముప్ఫై టేకులు చేయించారు. ముప్ఫయ్యోదానికి గొంతులో ఏదో పుటుక్కుమంది. నొప్పేమీ లేదు. ఆ టేకే ఓకే అయింది.

మేము రహమత్‌నగర్‌లో గుట్ట మీదికి ఎక్కే ఒక సందులో, మొదటి అంతస్తులో ఉంటాం. నేను, మా ఆయన డానియేలు, మా అత్తయ్య. పిల్లలు లేరు. మా ఆయన షూటింగులకి యూనిట్ వ్యాను నడుపుతాడు, ఔట్‌డోర్ పడితే పది రోజులు ఇంటికి రాడు. అత్తయ్యకి నాలుగేళ్ళ కిందట గ్లాకోమాతో రెండు కళ్ళూ పోయాయి. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. టీవీలో సినిమా వస్తుంటే ఎంత గుంపులో ఉన్నా నా గొంతు పట్టేస్తుంది. "బావి దగ్గర ఏడ్చేది నువ్వే కదే" అంటుంది. "ఇప్పుడు చచ్చింది కూడా నువ్వే." ఎవరూ గుర్తుపట్టకుండా అరవడం నా వృత్తి, ఆవిడొక్కతే గుర్తుపట్టేది. రోజూ సాయంత్రం ఆవిడకి బైబిల్లో ఒక అధ్యాయం చదివి వినిపించడం నా వంతు. గొంతు అలిసిపోయిన రోజున ఫోనులో వాక్యం చదివే యాప్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. గొంతు అలిసిపోయే రోజులు ఎక్కువైపోతున్నాయని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఆ రోజు పట్టుకున్న గొంతు జీర తగ్గలేదు. మిరియాల పాలు, అతిమధురం, తేనె, ఆవిరి, ఎవరేం చెబితే అది చేశాను. రెండు నెలలు అలాగే గడిపాను. గొంతు జీర మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించుకోవాలన్న సంగతి గొంతుతో బతికే నాకే తెలియదు. పైగా జీర నాకు కలిసొచ్చింది. సూర్యంగారు, "గొంతు భలే మాగిందమ్మా" అని విలన్ అక్క పాత్ర ఇచ్చారు, పదహారు డైలాగులు. పదిహేనేళ్ళలో నాకు వచ్చిన పెద్ద పాత్ర అదే. ఇక డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు.

ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల శ్రమల దినాలు సగం దాటాక, ఒక పొద్దున్న లేచి మా ఆయన్ని పిలిస్తే అతను తిరగలేదు. మూడుసార్లు పిలిచాను. నా గొంతు మంచం చివరికి కూడా చేరడం లేదు. ఆ రోజే అతను వ్యాను పక్కన పెట్టి నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

స్ట్రోబోస్కోపీ అనే పరీక్ష చేశారు. నాలుక పట్టుకుని, సన్నటి కెమెరా గొట్టం లోపలికి పెట్టి, "ఈ అనండి" అన్నారు. స్క్రీన్ మీద నా గొంతు చూశాను. తెల్లటి రెండు పట్టీలు, కుడిదాని మీద శనగగింజలో సగమంత ఎర్రటి బుడిపె.

డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. "కరుణగారూ, రైట్ వోకల్ కార్డ్, అంటే కుడి స్వరతంతువు మీద హెమరేజిక్ పాలిప్ ఉంది. ఒక్కసారిగా గట్టిగా అరిచినప్పుడు రక్తనాళం చిట్లి ఇలా అవుతుంది. రెండు వారాలు కంప్లీట్ వాయిస్ రెస్ట్ ఇచ్చి చూద్దాం. తగ్గకపోతే మైక్రోలారింజియల్ సర్జరీ. నీళ్ళు బాగా తాగండి, కడుపు ఖాళీగా ఉంచొద్దు, కడుపులో ఆమ్లం గొంతులోకి ఎగదన్నే రిఫ్లక్స్ కూడా ఉంది మీకు."

నేను పలక కొనుక్కున్నాను. రెండు వారాలు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బింగుకి పోలేదు. తిరిగి చూపించుకుంటే పాలిప్ ఏమాత్రం తగ్గలేదు సరికదా, చుట్టూ వాపు పెరిగింది.

"మీరు రెస్ట్ తీసుకోలేదు" అన్నారు డాక్టరమ్మ.

పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"గుసగుసగా?"

నేను పలక ఒళ్ళో పెట్టుకున్నాను. శ్రమల దినాల్లో మా సంఘం ఆడవాళ్ళం రోజుకొక ఇంట్లో కూడుకుంటాం. అందరూ గొంతెత్తి ప్రార్థన చేస్తుంటే నేను నోరు మూసుకుని ఎలా కూర్చోను? పెదవులు కదిపి, గాలితో, గంటసేపు గుసగుసగా ప్రార్థించేదాన్ని. అదీ పొద్దుటినుంచి ఉపవాసం ఉండి. దేవుడితో మాట్లాడింది మాటల లెక్కలోకి రాదనుకున్నాను.

"గుసగుస మాట కంటే హానికరం అండీ, కార్డ్స్ బిగుసుకుపోతాయి" అన్నారావిడ. "సర్జరీ పెట్టుకుందాం. వచ్చే బుధవారం స్లాట్ ఉంది."

వచ్చే బుధవారం అంటే గుడ్ ఫ్రైడేకి రెండు రోజుల ముందు. కుదరదని రాశాను. పండగ అయ్యాక అని రాశాను. ఎందుకో రాయలేదు.

ఎందుకో ఇక్కడ చెబుతాను. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా మందిరంలో సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. ఎప్పుడూ మగవాళ్ళే. ఆ ఏడాది మొదటిసారి మా పాస్టరు అయ్యగారు ఒక మాట ఆడమనిషికి ఇస్తానన్నారు, అది నాకు ఇచ్చారు. ఐదోది, దాహం గురించిన మాట. సక్రమంగా ఒక పేరున్న పాత్ర కూడా దొరకని నాకు, మూడొందల మంది ముందు ఇరవై నిమిషాలు నా గొంతు నాదిగా మాట్లాడే అవకాశం. నా గొంతు సంగతి అయ్యగారికి జలుబనే చెప్పి ఉంచాను. తెలిస్తే ఇవ్వరని భయం.

మా ఆయనకి మాత్రం తెలుసు. "నిన్ను అడిగిందెవరు? దేవుడా, నువ్వా?" అన్నాడు.

పలక మీద రాశాను. ఆయన ప్రాణమే పెట్టాడు, నేను గొంతు పెట్టలేనా?

అతను చదివి, పలక బల్ల మీద బోర్లించి వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను చాలా గొప్పగా జవాబిచ్చాననుకున్నాను.

ఇంకో పని కూడా చేశాను. దాహం గురించి మాట్లాడేదాన్ని దాహంతోనే మాట్లాడాలని ముందురోజు సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. డాక్టరమ్మ నీళ్ళు తాగమని చెప్పిన గొంతు అది. మేము రియాక్షన్ ఇచ్చే ముందు పరిగెత్తి ఆయాసం తెచ్చుకుంటాం, అసలుగా ఉంటుందని. ఆ అలవాటే ఇక్కడికి తెచ్చాను. దానికి ఉపవాసం అని పేరు పెట్టుకున్నాను.

మాట్లాడాను. మొదటి పది నిమిషాలు జీరగానే అయినా బాగా వచ్చింది. తర్వాత ఒక వాక్యం మధ్యలో గొంతు చీలింది. గట్టిగా పట్టి లాగాను, ఇంకా చీలింది. చివరి ఐదు నిమిషాలు సగం మాటలు, సగం గాలి. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను భావంతో కరిగిపోయి మాట్లాడలేకపోతున్నానని వాళ్ళు అనుకున్నారు. ఆరాధన అయ్యాక చుట్టూ మూగి, "సిస్టర్, ఆత్మ కదిలించింది" అన్నారు. నాలుక మీద రక్తం రుచి తెలుస్తోంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషంగా ఉంది. ముప్ఫయ్యో టేకు ఓకే అయినప్పుడు ఎలా ఉండిందో అలాగే ఉంది.

ఆదివారం ఈస్టర్ పాటలకి నా నోట్లోంచి గాలి కూడా రాలేదు.

సోమవారం స్క్రీన్ మీద కుడి పట్టీ అంతా ఎర్రగా ఉంది. డాక్టరమ్మ కెమెరా గొట్టం తీసి పక్కన పెట్టారు. తర్వాత, "హెమరేజ్ అయింది. ఈ స్థితిలో సర్జరీ చేయలేను. రక్తం తగ్గడానికి మూడు నాలుగు వారాలు. స్కార్, అంటే గాయపు మచ్చ మిగిలితే పై స్థాయి స్వరాలు తిరిగి రాకపోవచ్చు. ముందే చెబుతున్నాను" అన్నారు. ఆ పైన, "అంత ముఖ్యమైన పనేమిటండీ?" అని అడిగారు. కోప్పడలేదు, నిజంగానే అడిగారు.

ఆ నాలుగు వారాలు నా జీవితంలో మళ్ళీ రాకూడదు. ఈసారి గుసగుస కూడా లేదు. నేను ఊరికే కూర్చునే మనిషిని కాదు. వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి మెట్ల దగ్గరికి తిరిగేదాన్ని. ఉతికిన బట్టలే ఉతికేదాన్ని. గిన్నె జారితే అమ్మో అనడానికి కూడా లేక ఇంకో గిన్నె నేనే విసిరేశాను. మా ఆయన పలక చదివేవాడు, కూరగాయలావిడ పలక చదివేది, సంఘంవాళ్ళు ఫోనులో మెసేజ్ చదివేవారు. అందరికీ నేను కొంచెం ఇబ్బంది, అంతే.

అత్తయ్య పలక చదవలేదు.

ఈ సంగతి నాకు ముందు తట్టనే లేదు. మిగతావాళ్ళకి నా గొంతు ఒక్కటే పోయింది, ఆవిడకి మొత్తం నేనే పోయాను. ఇంట్లో ఉన్నానో లేనో తెలియదు. "కరుణా" అని పిలిచి, జవాబు రాక, గోడ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేది. నేను చెయ్యి పట్టుకుంటే ఉలిక్కిపడేది. చివరికి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టడం మొదలుపెట్టాం. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. "అన్నం వండావా?" టంగు. "వాడు ఫోన్ చేశాడా?" టంగు టంగు. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఫోనులో వాక్యం వింటోంది. సాతాను ప్రభువుని దేవాలయ గోపురం మీద నిలబెట్టి దూకమనే భాగం వచ్చింది. అత్తయ్య ఫోను ఆపింది.

"దూకలేదు చూడు" అంది. "దూకితే జనం ఎంత మెచ్చుకునేవాళ్ళో. అయినా దూకలేదు. నువ్వయితే దూకేదానివి."

నా చేతిలో చిక్కుడుకాయ రెండు ముక్కలైంది. జవాబు చెప్పడానికి గొంతు లేదు. గ్లాసు తీసుకుని చెంచాతో రెండుసార్లు గట్టిగా కొట్టాను. కాదు.

"కొట్టుకో" అని ఆవిడ మళ్ళీ ఫోను పెట్టుకుంది.

ఆ రోజంతా మండిపోతూ తిరిగాను. ఆవిడ మీద కోపం, మాట తప్పు కాదు కాబట్టి ఇంకా కోపం. ప్రాణం పెట్టడానికే వచ్చినవాడు కూడా రమ్మన్న ప్రతిచోటా పెట్టలేదు. చాలాసార్లు తప్పుకుని వెళ్ళిపోయాడు, పడవలో నిద్రపోయాడు, ఇంకా వేళ కాలేదన్నాడు. చిన్నప్పటినుంచి విన్నవే ఇవన్నీ. నేను ఎప్పుడూ సిలువ దగ్గరి భాగమే గట్టిగా విన్నాను, అక్కడే గొంతుకి పని ఉంటుంది కాబట్టి.

మే నెలలో సర్జరీ అయింది. జనరల్ అనస్థీషియా. గొంతు లోపలినుంచే చేశారు, పైన కోత లేదు. పాలిప్‌ని బయాప్సీకి పంపారు. రిపోర్టు రావడానికి ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ మా ఆయన వ్యాను తీయలేదు. ఆరో రోజు డాక్టరమ్మ కాగితం చూసి, "బినైన్. క్యాన్సర్ కాదు. భయపడాల్సిందేమీ లేదు" అన్నాక అతను కారిడార్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

వారం పూర్తి మౌనం తర్వాత స్పీచ్ థెరపిస్ట్ స్వప్న దగ్గరికి పంపారు. సిద్దిపేట వైపు పిల్ల, నవ్వుతూనే గట్టిగా చెబుతుంది. "అక్కా, ఇగ వినుండ్రి. పొద్దుగాల ఐదు నిమిషాలు నాతోని ఎక్సర్‌సైజులు. మాపటికి ఇంట్ల ఐదు నిమిషాలు మాట్లాడుండ్రి. టైమర్ పెట్టుకోవాలె. గంతే. ఆరో నిమిషం వద్దు. వారం వారం జర జర పెంచుదాం."

ఐదు నిమిషాలు. మనిషి ఐదు నిమిషాల్లో ఏం మాట్లాడుతుందని ఇంటికొచ్చేదాకా ఆటోలో ఆలోచించాను. మొదటి మాటలు దేవుడికే అని సర్జరీ ముందు మొక్కుకున్నాను. మా సంఘం ఆడవాళ్ళకి ఆ సంగతి తెలిసి సాయంత్రం ఆరుగురు ఇంటికి వచ్చారు. చాప పరిచాను, టైమర్ పెట్టాను, పైకి స్తుతి ప్రార్థన చేశాను. గొంతు సన్నగా, తడిగా, కొత్తగా ఉంది. వాళ్ళు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆమేన్ అనేసరికి టైమర్ మోగింది.

వాళ్ళు వెళ్ళాక లోపలికి వచ్చాను. అత్తయ్య మంచం మీద నా అడుగుల వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది. అది కూడా నాకు అప్పుడు తోచలేదు.

"కరుణా" అంది. "ఎలా ఉందే గొంతు?"

నేను గ్లాసు మీద చెంచాతో ఒకసారి కొట్టాను.

ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "నా దాకా వచ్చేసరికి అయిపోయాయా?" అంది.

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"వాక్యం ఫోను చదువుతుంది. ప్రార్థనకి ఆరుగురు వచ్చారు, వాళ్ళు చేస్తారు. నెలన్నరైందే నీ మాట విని. ఈ ఇంట్లో ఎవరన్నా ఉన్నారో లేదో నాకెవరు చెప్తారు? గోపురం మీద నిలబడ్డవాళ్ళకి కింద కూర్చున్నవాళ్ళు కనపడరేమో."

నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకుని శబ్దం లేకుండా ఏడ్చాను. శబ్దం లేకుండా ఏడవడం నా వృత్తిలో ఎప్పుడూ చేయలేదు.

మర్నాడు రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది పొద్దున్నే, సూర్యంగారిది. నేను మాట్లాడనని తెలిసి ఆయనే చెప్పుకుంటూ పోయారు. "అమ్మా, పెద్ద సినిమా. క్లైమాక్స్‌లో కొడుకు శవం మీద తల్లి ఏడుపు. మాటల్లేవు, రెండే నిమిషాలు. డైరెక్టరుగారు నీ పాత ఏడుపు విని నువ్వే కావాలంటున్నారు. టైటిల్స్‌లో పేరు వేయిస్తాను." పదిహేనేళ్ళు ఎదురుచూసిన పేరు. సిగ్గులేకుండా లెక్క వేసుకున్నాను. రెండు నిమిషాలే కదా, ఐదులో పడుతుంది కదా, ఏడుపు మాట కాదు కదా. గుసగుస దగ్గర వేసిన లెక్కే మళ్ళీ వేస్తున్నానని తెలియడానికి అరగంట పట్టింది. చెయ్యలేనని మెసేజ్ పెట్టి ఫోను బియ్యం డబ్బాలో దాచాను, మళ్ళీ తీసి మార్చి రాస్తానేమోనని. మధ్యాహ్నం దాకా మూడుసార్లు ఆ డబ్బా దగ్గరికి వెళ్ళాను.

రెండోది మధ్యాహ్నం ఫోను బయటికి తీశాక, అయ్యగారిది. వచ్చే ఆదివారం దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని సంఘం అడుగుతోందట. జవాబు మెసేజ్‌లో జరిగిందంతా రాశాను, గుడ్ ఫ్రైడే నాటి నీళ్ళ సంగతితో సహా. సాయంత్రం ఆయనే ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నేనూ ఏడ్చానమ్మా ఆ రోజు" అన్నారు. "నీ గొంతు పోతుంటే చూసి బాగుందని ఏడ్చాను. నాకు చెప్పి ఉంటే ఆపేవాణ్ణి కదమ్మా."

ఆపుతారనే చెప్పలేదండీ అని పలక మీద రాశాను. ఆయన చదివి తల ఊపారు. ఇంకేమీ బోధించలేదు, టీ తాగి, అత్తయ్యకి ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక టైమర్ పెట్టి అత్తయ్యని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. పదిహేనేళ్ళు ఎవరో రాసిన ఏడుపు ఏడ్చినదాన్ని, నా సొంత మాటకి తడుముకోవలసి వచ్చింది. కిటికీలోంచి చూసి, కనపడినది చెప్పాను. ఎదురింటి డాబా మీద ఎర్ర దుప్పటి ఆరేశారు అత్తయ్యా. కింద ఇస్త్రీ బండి దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. మబ్బు పట్టింది, వాన వచ్చేలా ఉంది. వాటర్ ట్యాంకరు సందులో ఇరుక్కుంది, డ్రైవరు దిగి తల గోక్కుంటున్నాడు.

"ఎటువైపు ఇరుక్కుంది?" అని ముందుకు వంగి అడిగింది అత్తయ్య.

ఐదు నిమిషాలూ ట్యాంకరుకే అయిపోయాయి. ఆ రోజు దేవుడికి నోటితో ఒక్క మాట చెప్పలేదు, మొక్కు తప్పానని బెంగ కూడా పడలేదు.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. నా గొంతు తిరిగి వచ్చింది, మొత్తం రాలేదు. పైన రెండు స్వరాలు పోయాయి. మందిరంలో ఇప్పుడు మైకు దగ్గర కాదు, ఆడవాళ్ళ వరసలో నిలబడి కింది స్థాయిలో పాడతాను. అరుపులు మానేశాను. డాక్టరమ్మ పాత్రలు, లిఫ్టులో ఎదురయ్యే ఆవిడ పాత్రలు చేస్తున్నాను, రెండేసి మాటలు. మనశ్శాంతి దొరికిందని రాయాలని ఉంది గాని దొరకలేదు. ఫిల్మ్‌నగర్ మీదుగా బస్సులో వెళుతుంటే ఇప్పటికీ కాళ్ళు ఊరుకోవు. ఆ క్లైమాక్స్ సినిమా మొన్న టీవీలో వచ్చింది. తల్లి ఏడుపు దగ్గర అత్తయ్య చెవి ఒగ్గి విని, "ఇది నువ్వు కాదు" అంది. అవును నేను కాదన్నాను, నోటితోనే. పేర్లు పడేటప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను.

ఉపవాసాలు, కూడికలు, ప్రసంగాలు తప్పని నేను అనడం లేదు. దేవుడి కోసమని ఒళ్ళు అరగదీసుకునేవాళ్ళు నాలాగా మన సంఘాల్లో చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది రాశాను. ఒక్కటే సలహా. దేనికైనా మిమ్మల్ని మీరు ఇచ్చుకోబోయే ముందు, ఆ పని నేను కాకపోతే ఇంకెవరైనా చేస్తారా అని అడిగి చూడండి. ఎవరికీ చెప్పకుండా దాచాలనిపిస్తే మరోసారి అడగండి.

ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకి ఐదో మాట ఒక నర్సమ్మకి ఇచ్చారు. మధ్యలో మంచినీళ్ళు తాగుతూ ఇరవై నిమిషాలు చెప్పింది. నాకంటే బాగా చెప్పింది, అది ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ మాట చెప్పడానికి మా సంఘంలో ఇంకా పదిమంది ఉన్నారు. ట్యాంకరు ఎటువైపు ఇరుక్కుందో మా అత్తయ్యకి చెప్పడానికి మాత్రం రెండో మనిషి లేదు.